తపాలాబిళ్ల లేని ఉత్తరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పుస్తకములనుగూర్చి మాటలాడవలసిన ఈ సభలో ఉత్తరములనుగూర్చి, అందులోను అమెరికాదేశపు పాత ఉత్తరములనుగూర్చి చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయము చేయు పనియు, ఆ ఉత్తరములను సేకరించువారు చేయు పనియు ఒక్కటే. నశించిపోవుచున్న అక్షరమును నిలుపుటయే ఆ పని.

తపాలాబిళ్లలు సేకరించువారిని మీరెరుగుదురు. బిళ్లయే లేని ఉత్తరములను వెదకి కూర్చుకొనువారును గలరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దేశమంతట చెల్లు తపాలాబిళ్లలు 1847 జూలై 1వ తేదీన వెలువడినవి. ఐదు సెంట్ల బిళ్లపై బెంజమిన్ ఫ్రాంక్లిను, పది సెంట్ల బిళ్లపై జార్జి వాషింగ్టను చిత్రము లుండెను. బిళ్ల అంటించుట తప్పనిసరి యైనది మాత్రము 1856 జనవరి నుండియే. అంతకుముందు పోయిన ఉత్తరములలో అధికభాగము బిళ్లలు లేనివే. మన దేశమందును 1854లో బిళ్లలు సర్వత్ర వాడుకలోనికి వచ్చుటకు పూర్వము కుంపినీవారి తపాలాలో పోయిన ఉత్తరము లట్టివే.

ఆ కాలమున కవరు వాడుక అరుదు. వ్రాసిన కాగితమునే మడిచి, లక్కతో ముద్రవేసి, వెలుపల చిరునామా వ్రాసెడివారు. దానికి కారణము గలదు. 1845 వరకు తపాలా రుసుము దూరమును, కాగితముల లెక్కను బట్టి యుండెను. కవరు వేసినచో అదియు నొక కాగితము క్రింద లెక్కకు వచ్చి రుసుము రెట్టింపగును. 1816 నాటి శాసనము ప్రకారము ఒక్క కాగితము ముప్పది మైళ్లలోపు పోవుటకు 6 సెంట్లు. నాలుగువందల మైళ్లు దాటినచో 25 సెంట్లు. నడుమ 12½ సెంట్లు, 1825 నుండి 18¾ సెంట్లు అను విచిత్రమైన రుసుములును గలవు. అప్పుడు అచట స్పెయిన్ దేశపు వెండినాణెములు చెల్లుబడిలో నుండెను. ఒక డాలరునకు ఎనిమిది రియాళ్లు; రియాలు ఒక్కింటికి 12½ సెంట్లు. జనుల చేతిలోని నాణెమును బట్టియే ఈ లెక్క యేర్పడినది.

రుసుమును పంపువాడే చెల్లింపవలెనను నియమము 1855 వరకు లేదు. మన బేరింగు ఉత్తరమువలె, అందుకొన్నవారే చెల్లించుట సాధారణము. పోస్టుమాస్టరు ఆ మొత్తమును ఉత్తరము మూలను సిరాతో వేసెడివాడు. ముందే చెల్లించినచో ‘పెయిడ్’ అనియు, రుసుము లేకుండ పోవు హక్కుగల అధికారులదైనచో ‘ఫ్రీ’ అనియు, ఓడలో వచ్చినదైనచో ‘షిప్’ అనియు గుర్తుండును. సేకరించువారు ఈ గుర్తులను జూచి, ఆ ఉత్తరము ఏ త్రోవను, ఎంత దూరము, ఎవరి ఖర్చుపై ప్రయాణించినదో చెప్పగలరు. 1845లో మూడువందల మైళ్లలోపు అర ఔన్సునకు 5 సెంట్లుగను, 1851లో ముందు చెల్లించినవారికి మూడువేల మైళ్లవరకు 3 సెంట్లుగను రుసుము తగ్గినది. నాటినుండి సామాన్యునకును ఉత్తరము అందుబాటులోనికి వచ్చినది.

మా మేనల్లుడు అమెరికానుండి అట్టి ఉత్తరము నొకదానిని నాకు తెచ్చి యిచ్చెను. 1836లో ఒహాయో సీమనుండి ఒక కూతురు కనెక్టికటులోని తల్లికి వ్రాసినది. మూలను 25 అను అంకె గలదు. రెండవ కాగితమునకు మరి పాతిక సెంట్లగునని, ఆమె ఒక్క కాగితమునే నిండ వ్రాసి, పిమ్మట దానిని అడ్డముగ త్రిప్పి ఆ పంక్తులమీదనే మరల వ్రాసినది. మొక్కజొన్న పండినదట. బిడ్డకు జ్వరము తగ్గినదట. ‘ఈ ఉత్తరమునకు నీవు సొమ్ము కట్టవలసివచ్చునని యెరుగుదును, అమ్మా’ యని చివర వ్రాసినది. తల్లి కట్టినది. కట్టి, దాచినది. కనుకనే అది నేడు నా చేతిలో నున్నది.

దానిని చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా పదియవయేట మా నాయనమ్మ పెట్టెలో ఒక ఉత్తరముల కట్ట యుండెను. రంగూనులో పనిచేయుచుండిన మా పెదనాన్నగారు వ్రాసినవి. 1942 తరువాత ఆయన తిరిగి రాలేదు, ఉత్తరమును రాలేదు. నేను ఆ బిళ్లలకై ఆశపడి, వానిని నీళ్లలో నానబెట్టి యూడదీసి, మిగిలినదానిని పొయ్యిలో వేసితిని. నాయనమ్మకు చదువు రాదు. ఆమె నన్ను కొట్టలేదు. ‘ఆ కాగితాలేవిరా?’ అని మాత్రమడిగినది. బిళ్లలు నేటికిని నాయొద్ద నున్నవి. వాని వెల కొద్ది రూపాయలు. ఆ కాగితములలో నేమి వ్రాసియుండెనో ఇక నెవ్వరును చెప్పజాలరు.

అమెరికాలోను పూర్వము కొందరు ముద్రకొరకై ఉత్తరమును ముక్కగ కత్తిరించి తక్కినది పారవేసిరి. నేటి విజ్ఞులైన సేకర్తలు మడత విప్పిన కాగితమును చెక్కుచెదరకుండ నుంచుదురు. ముద్ర త్రోవను చెప్పును; ఉత్తరము మనిషిని చెప్పును.

కావున నాదొక విన్నపము. మన గ్రంథాలయమున ఈ గ్రామపు ఉత్తరములకొక బీరువా కేటాయింపుడు. సైన్యమునుండి, బొంబాయినుండి, పరదేశములనుండి మీ యిండ్లకు వచ్చిన ఉత్తరములను, కుటుంబమువారందరి సమ్మతితోనే, అందులో నుంచుడు. గుప్తముగ నుండవలసినవానిని ఇంటనే భద్రపరచుడు, చింపవలదు. చినిగినవానికి అంటుకాగితము వేయవలదు. మడతపై మడత పెట్టవలదు. ఎండ, చెమ్మ, చెదలు తగులనీయవలదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు వ్రాసిరో వేరొక చీటిపై పెన్సిలుతో వ్రాసి జతపరుపుడు.

ఆ బీరువాలో మొదట నుంచుటకు నాయొద్ద ఉత్తరము లేదు. ఒహాయో కూతురు వ్రాసినదానిని ఇచ్చుచున్నాను. దాని ప్రక్కన ఉంచదగిన మన ఊరి ఉత్తరమును మీరు తెత్తురుగాక. సెలవు.