ఇంటి పొయ్యిపై చాక్లెట్ సిరప్

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చాక్లెట్ సిరప్ తయారీని గూర్చి పంచాయతీ సభ్యుల యెదుట ప్రసంగింతుమని చెప్పినప్పుడు కొందరు మిత్రులు నవ్విరి. రోడ్లు, మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు - ఇవి గదా పంచాయతీ పనులు! పిల్లలు పాలలో కలుపుకొని త్రాగు తీపి పాకముతో సభ్యులకేమి పని యని వారి సందేహము. ఆ సందేహము సహజమే. అయినను ఈ పాకము మన తోటలతోను, మన రైతుల రాబడితోను ఎట్లు ముడిపడి యున్నదో మనవి చేయుటకే మేము ఇచ్చటికి వచ్చితిమి.

భారతదేశములో కోకోను అత్యధికముగా పండించు రాష్ట్రము మన ఆంధ్రప్రదేశ్. ఏలూరు జిల్లాలోను, గోదావరి జిల్లాలలోను, కోనసీమలోను కొబ్బరి, పామాయిలు తోటల నీడలో ఈ చెట్లు అంతర పంటగా పెరుగుచున్నవి. వీటి పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు. 1753లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ చెట్టునకు పెట్టిన పేరునకు "దేవతల ఆహారము" అని అర్థము. దేవతల మాట యెట్లున్నను, పండించిన రైతుల ఇండ్లలో మాత్రము తమ గింజ రుచి ఎరిగినవారు అరుదు. కాయ కోయుదుము, గింజ తీయుదుము, ఎండబెట్టి బస్తాల కెత్తుదుము. అటుపిమ్మట కోకో రంగు కాగితము చుట్టుకొని చాక్లెట్‌గా మన ఊరి అంగడికే తిరిగి వచ్చును. మన పిల్లవాడు డబ్బిచ్చి కొనుక్కొనును. తమ తోటలోని కాయకును ఆ తీపికిని గల సంబంధము వానికి తెలియదు.

కరక్కాయ రుచి

ఏలూరు జిల్లాలోని ఒక గ్రామములో మహిళా సంఘము వారితో కలిసి మేము మొదటిసారి కోకో గింజలనుండి సిరప్ చేసితిమి. ఒక రైతు ఇంటినుండి తెచ్చిన ఎండు గింజలు చూచుటకు బాగుగనే యుండెను. వేయించితిమి, చెరిగితిమి, రుబ్బితిమి, పంచదార పాకములో కలిపితిమి. రంగు వచ్చినది గాని వాసన రాలేదు. అచ్చట కూర్చున్న ఒక పెద్దమ్మ చెంచాతో నోట వేసికొని, "కరక్కాయ నమిలినట్లున్నది నాయనా! ఇంకొక గుప్పెడు పంచదార పోసినను ఇది లొంగదు" అనెను.

ఆమె మాట నిజము. మిగిలిన గింజలను కత్తితో నిలువునా చీల్చి చూచితిమి. కొన్నిటి లోపల పలక వంటి బూడిద రంగు, కొన్నిటి లోపల ఊదా రంగు కనబడెను. అవి సరిగా పులియకయే ఎండిన గింజలు. ఆ రైతు నడుగగా, "కోసినవి కొద్దిపాటి కాయలు. పైన మబ్బు పట్టినది. చేతిలో డబ్బు లేదు. అందుచేత గింజ తీసిన మరునాడే ఎండలో పోసితిని" అని చెప్పెను. ఆతనిని తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు.

అయినను ఈ తొందర రైతునకు ఎంత నష్టము కలిగించునో ఈ మధ్య సంవత్సరములలో చూచితిమి. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతినగా 2024లో ప్రపంచమంతట కోకో ధర మునుపెన్నడు లేనంతగా పెరిగినది. అప్పుడు గింజ యెట్లున్నను కొనువారుండిరి. 2025లో ధర పడిపోయినది. గింజలు అమ్ముడుపోక మన రైతులు రోడ్డెక్కి ఆందోళన చేయవలసి వచ్చినది. తుదకు రాష్ట్ర ప్రభుత్వము జోక్యము చేసికొనవలసి వచ్చినది. ధర తగ్గినప్పుడు "నాణ్యత లేదు" అను మాట మొదట వినబడును. ఆ మాట నిజమో, బేరపు మాటయో తేల్చుకొను నేర్పు రైతునకు లేకున్నచో ఆతడు తలవంచుకొని యిచ్చినంత పుచ్చుకొనవలసినదే. తన గింజను తాను చీల్చి చూచి, వేయించి, రుచి చూచిన రైతు అట్లు తలవంచుకొనడు. ఇంటిలో సిరప్ చేసి చూడుడని మేము చెప్పుటకు ముఖ్య కారణమిదియే.

రుచి ఎచ్చట పుట్టును?

కోకో కాయను పగులగొట్టినచో తెల్లని తియ్యని గుజ్జుతో కప్పబడిన ముప్పది, నలుబది గింజలుండును. వీటిని గుజ్జుతోనే చెక్కపెట్టెలో గాని, బుట్టలో గాని రాశి పోసి అరటియాకులతో కప్పవలెను. కారిన రసము పోవుటకు పెట్టె అడుగున రంధ్రములుండవలెను. కంటికి కనబడని సూక్ష్మజీవులు గుజ్జులోని తీపిని మొదట సారాగాను, పిదప పులుపుగాను మార్చును. అప్పుడు రాశి వేడెక్కి 45 నుండి 50 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చేరును. ఆ వేడికి, ఆ పులుపునకు గింజలోని మొలక చచ్చి, వగరు తగ్గి, ఊదా రంగు గోధుమ రంగుగా మారును. చాక్లెట్ వాసనకు మూలమిచ్చటనే ఏర్పడును. పులియని గింజను ఎంత వేయించినను ఆ వాసన రాదు.

ఇట్లు ఐదారు దినములు ఉంచి, నడుమ రెండు పర్యాయములు క్రిందిది మీదికి తిరుగవేయవలెను. పిదప సుమారు వారము దినములు ఎండబెట్టవలెను. తేమ నూటికి ఏడు పాళ్లకు మించరాదు. గుప్పిట పట్టి నొక్కినప్పుడు పటపటమని చప్పుడు వచ్చినచో ఎండినట్లు గుర్తు. పొగ తగిలినను, బూజు పట్టినను గింజ చెడిపోవును.

ఇందులో ఒక ముఖ్యమైన సంగతి గలదు. పది కాయల గింజలు వేరుగా పోసినచో ఆ చిన్న రాశి వేడిని నిలుపుకొనజాలదు. రాశి పెద్దదైననే చక్కగా పులియును. కావున చిన్న రైతు ఒంటరిగా ఈ పని చేసికొనుట కష్టము. పదిమంది గింజలు ఒకచోట చేరవలెను.

తయారు చేయు విధము

చక్కగా పులిసి ఎండిన గింజలు పావుకిలో తీసికొని మందపాటి మూకుడులో సన్నని సెగపై ఇరువది, ఇరువదియైదు నిమిషములు కదుపుచు వేయించవలెను. మొదట పుల్లని వాసన వచ్చును. అది పోయి చాక్లెట్ వాసన వచ్చి, పొట్టు చిటపటమని వదలినప్పుడు దించవలెను. మాడినచో చేదెక్కును. చల్లారిన పిదప నలిపి చేటతో చెరిగినచో సుమారు 200 గ్రాముల పప్పు దక్కును. దానిని మిక్సీలో ఆగి యాగి రుబ్బవలెను. ఈ పప్పులో సగము కొవ్వే గనుక నీరు పోయకయే ముద్ద జారుగా తయారగును. ఈ దశలో నీటి చుక్క పడరాదు, పడినచో బిగిసికొనును.

లోతైన గిన్నెలో 200 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల నీరు, చిటికెడు ఉప్పు వేసి కరగించి మరిగించవలెను. వేరొక గిన్నెలో 100 గ్రాముల కోకో ముద్దను తీసికొని, ఆ వేడి పాకమును కొంచెము కొంచెముగా పోయుచు గరిటెతో గట్టిగా కలుపవలెను. అంతయు కలిసిన తరువాత లోతైన గిన్నెలోనికి మార్చి మరల సన్నని సెగపై నాలుగైదు నిమిషములు ఉంచవలెను. పొంగును గనుక దగ్గరనే యుండవలెను. పాకముల సంగతి మన స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు. అరిసెల పాకమెరిగిన చేతికి ఇది యెంత? తీగపాకము రానీయరాదన్నదే ఇచ్చట గుర్తుంచుకొనవలసిన మాట. గరిటె వెనుకకు పలుచగా అంటుకొన్నచో చాలును. చల్లారిన కొలది అదియే చిక్కబడును. సన్నని జల్లెడలో వడపోసి, వేడినీట మరగించి ఆరబెట్టిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి పది దినములలో వాడుకొనవలెను. పైకి కొంచెము నూనె తేలినచో కలిపి వాడుకొనవచ్చును.

గింజలు దొరకని ఊళ్లలో అంగడిలో దొరకు తీపిలేని కోకో పొడితో చేసికొనవచ్చును. పొడినుండి కొవ్వును చాలవరకు పిండివేయుదురు గనుక నూనె తేలదు. ఆ కొవ్వును పిండు యంత్ర విధానమునకు 1828లో హాలండు దేశమున వాన్ హౌటెన్ కుటుంబము వారు హక్కు పొందిరి. 50 గ్రాముల పొడిని 200 గ్రాముల పంచదారతో పొడిగానే కలిపి, పిదప 200 మిల్లీలీటర్ల నీరు పోసినచో ఉండలు కట్టదు. దీనిని కూడ నాలుగైదు నిమిషములు మరగనిచ్చిన చాలును.

బెల్లముతోను చేయవచ్చును, కరగించి వడగట్టవలెను. బెల్లపు సిరప్‌ను మరుగుచున్న పాలలో పోసినచో పాలు విరుగవచ్చును. దించి కొంత చల్లార్చి కలుపవలెను. ఏ విధముగా చేసినను ఇది తీపి వస్తువే. గ్లాసు పాలకు ఒక చెంచా చాలును. కుక్కలకు కోకో విషము వంటిది, వాటికి పెట్టరాదు.

పంచాయతీ చేయదగిన పని

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు సంబంధించిన 29 విషయములను పేర్కొన్నది. వాటిలో ఆహార పదార్థముల తయారీతో కూడిన చిన్న పరిశ్రమలు ఒకటి. కావున ఈ పని మీ పరిధిలోనిదే. కోకో పండు గ్రామముల సభ్యులకు మేము నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది, చిన్న రైతులందరు కలిసి వాడుకొనుటకు పులియబెట్టు పెట్టెలను ఒకచోట ఏర్పరచుడు. ఎవరి గింజ యెంతయో తూచి వ్రాసికొన్నచో తగవులుండవు. రెండవది, వాన పడినప్పుడు కప్పుటకు వీలైన ఎండబెట్టు కళ్లమును చూపుడు. మూడవది, అమ్మకమునకు ముందు బస్తానుండి నూరు గింజలు తీసి చీల్చి, గోధుమ రంగువి ఎన్ని, ఊదా రంగువి ఎన్ని, బూజు పట్టినవి ఎన్ని యని అందరి యెదుట లెక్కించుడు. ఆ లెక్క చేతనుండగా బేరము వేరుగా నుండును. నాలుగవది, మహిళా సంఘములచేత బడిలో ఒకనాడు సిరప్ చేయించి పిల్లలకు చూపుడు. సంఘము వారు అమ్మదలచినచో 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ముందుగా నమోదు చేయించుకొనవలెను. సలహాలకు ఉద్యాన శాఖ వారు గలరు. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానము గలదు.

ఆ గ్రామమునకు మేము మరల వెళ్లితిమి. ఈసారి ఏడుగురు రైతులు తమ గింజలను ఒకే పెట్టెలో పోసి ఆరు దినములు పులియబెట్టిరి. మూకుడు వేడెక్కిన కొంతసేపటికే ఆ వాసనకు వీధిలోని పిల్లలు వాకిట చేరిరి. ఆ పెద్దమ్మ రుచి చూచి, "మా మనుమనికి కొంచెము సీసాలో పోసి యిమ్ము నాయనా" అని అడిగెను. తొందరపడి గింజ ఎండబోసిన రైతు కూడ ఆ ఏడుగురిలో నుండెను. ఆతడు రుచి చూచి, ఒక గింజను చీల్చి చాలసేపు దానివంక చూచుచు, "ఇది నాదేనా?" అని అడిగెను.

మీ గ్రామములలోని రైతులును ఒకనాడు ఆ ప్రశ్న వేసికొని, "ఔను, నాదే" యని వ్యాపారి యెదుట చెప్పుకొనగల స్థితి రావలెనని మా కోరిక.