తప్పుకూ కంటికీ మధ్య దూరం

మొబైల్ ఫోన్‌లో కనిపించే ప్రతి యాప్ వెనుక, యంత్రం అనుసరించడానికి వీలైన క్రమంలో మనుషులు రాసిన వేలాది పంక్తుల ఆదేశాలు ఉంటాయి. వాటికే కోడ్ అని పేరు. మనుషులు రాసినది గనుక అందులో తప్పులు దొర్లక మానవు. అటువంటి తప్పును బగ్ అనీ, దాన్ని వెతికి పట్టుకొని సరిదిద్దే పనిని డీబగ్గింగ్ అనీ వ్యవహరిస్తారు. బగ్ అంటే పురుగు. యంత్రాల లోపాలకు ఇంజనీర్లు ఆ మాటను పంతొమ్మిదవ శతాబ్దం నుంచే వాడుతున్నప్పటికీ, 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మార్క్ 2 కంప్యూటరు రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు చిక్కుకోగా, అక్కడివారు దాన్ని తీసి పనిపుస్తకంలో అతికించడంతో ఆ మాట ప్రసిద్ధికెక్కింది. ఆ పురుగు కంటికి కనిపించింది, చేతికి చిక్కింది. నేటి కోడ్‌లోని పురుగు ఆ రెండూ చేయదు. అందువల్ల డీబగ్గింగ్ పరికరాల చరిత్ర అంతా తప్పుకూ కంటికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే ప్రయత్నమేనని చెప్పవచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీకి వాడే ఆండ్రాయిడ్ స్టూడియో అందుకు మంచి ఉదాహరణ.

జెట్‌బ్రెయిన్స్ సంస్థ రూపొందించిన ఇంటెల్లిజె ఐడియా పునాదిగా గూగుల్ 2013లో ప్రకటించి, 2014 డిసెంబరులో తొలి స్థిర రూపాన్ని విడుదల చేసిన ఈ పరికరం, కోడ్ రాయడం, దాన్ని యాప్‌గా కూర్చడం, పరీక్షించడం, తప్పులు దిద్దడం అనే పనులన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. వీటిలో తప్పులు పట్టే పనికి ఆధారమైన పాత పద్ధతి బ్రేక్‌పాయింట్. కోడ్‌లో ఒక పంక్తికి గుర్తు పెడితే, నడుస్తున్న యాప్ అక్కడికి రాగానే ఆగిపోయి, ఆ క్షణాన ఏ పేరు కింద ఏ విలువ దాగి ఉందో చూపుతుంది. వెయ్యి వస్తువుల జాబితాలో ఒక్కదాని ధర మాత్రమే సున్నాకంటే తక్కువగా వస్తున్నప్పుడు, వెయ్యిసార్లు ఆపి చూడనక్కరలేకుండా, ధర సున్నాకంటే తగ్గినప్పుడే ఆగాలని ఆ గుర్తుకు షరతు కూడా పెట్టవచ్చు.

తరువాత వచ్చిన మార్పుల్లో మొదటిది కాలదూరాన్ని తగ్గించడానికి సంబంధించినది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా యాప్‌ను మళ్లీ మొదటినుంచి కూర్చి, ఫోన్‌లో ఎక్కించి, తెరిచి చూడవలసి రావడం వల్ల, దిద్దుబాటుకంటే నిరీక్షణకే ఎక్కువ సమయం పట్టేది. దీనికి విరుగుడుగా 2016లో వచ్చిన ఇన్‌స్టంట్ రన్ నమ్మకంగా పనిచేయకపోవడంతో, 2019లో దాని స్థానంలో అప్లై చేంజెస్ వచ్చింది. ఆపై వచ్చిన లైవ్ ఎడిట్, కంపోజ్ అనే పద్ధతిలో రాసిన తెరల విషయంలో, కోడ్ మారుతూ ఉండగానే ఆ మార్పును నడుస్తున్న యాప్‌లో చూపించే స్థాయికి చేరింది.

రెండవది లోపలి స్థితిని బయటపెట్టడం. లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ తెరమీది బొమ్మలూ, అక్షరాలూ, మీటలూ ఏ చట్రంలో ఏది ఒదిగి ఉన్నదో పొరలు పొరలుగా విప్పి చూపుతుంది. యాప్ పంపే చిన్న చిన్న సందేశాల చిట్టా అయిన లాగ్‌క్యాట్ 2022లో కొత్త రూపు దాల్చి, వేల పంక్తుల రొదలోంచి కావలసిన యాప్ సందేశాలను మాత్రమే ఏరి ఇవ్వగలుగుతున్నది. ప్రొఫైలర్ మెమరీ, ప్రాసెసర్ల వినియోగాన్ని కొలుస్తుంది. సెకనుకు 60 సార్లు మారే తెరమీద ఒక్కొక్క చిత్రం సిద్ధం కావడానికి సుమారు 16 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది గనుక, ఆ గడువు ఏ పనివల్ల దాటిపోయిందో తెలియనిదే తెర తడబాటుకు కారణం తెలియదు.

మూడవది స్థలదూరం. కేబుల్ లేకుండా వైఫై మీదుగా ఫోన్‌ను కలపడానికి ఆండ్రాయిడ్ 11 వీలు కల్పించింది. చేతిలో లేని ఫోన్ల విషయంలో, గూగుల్ డేటా కేంద్రాల్లో ఉన్న నిజమైన పరికరాలను దూరం నుంచే నడిపి చూసే డివైస్ స్ట్రీమింగ్ వచ్చింది. ఎక్కడో ఒక వినియోగదారుని ఫోన్‌లో యాప్ కుప్పకూలితే, ఆ నివేదికను యాప్ క్వాలిటీ ఇన్‌సైట్స్ అనే విభాగం తయారీదారు ముందున్న కోడ్ పంక్తికే జోడించి చూపుతుంది. ఇప్పుడు జెమిని అనే కృత్రిమ మేధ ఆ నివేదికలోని వైఫల్యానికి కారణాన్ని ఊహించి, మార్పును కూడా సూచిస్తున్నది. అయితే అది సూచన మాత్రమే. సరిచూసే బాధ్యత మనిషిదే.

ఇన్ని దూరాలు తగ్గినా ఒకటి మిగిలే ఉందని నిరూపించిన సంఘటనలో తెలుగు లిపికి పాత్ర ఉండటం గమనించదగినది. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞ'కూ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరిన క్రమం సందేశంగా అందితే చాలు, ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో ఆ లోపాన్ని దిద్దింది. అది ఆండ్రాయిడ్‌కు చెందిన లోపం కాకపోయినా, దాని పాఠం ఏ వేదికకైనా వర్తిస్తుంది: పరికరం తన ముందుకు వచ్చిన దాన్నే చూపగలదు తప్ప, ఎవరూ టైపు చేసి చూడని అక్షరంలోని తప్పును చూపలేదు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు కట్టిన చట్రంలో తెలుగు ఒత్తుల అడుగుభాగం తెగిపోతే, ఆ చట్రం ఎత్తును లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ అంకెలతో సహా చెప్పగలదు. కానీ ఆ చట్రంలో 'కృష్ణమూర్తి' అనో 'రాజ్యలక్ష్మి' అనో ఒక పేరును ముందుగా ఎవరైనా రాసి చూడాలి. తప్పుకూ కంటికీ మధ్య మిగిలిన ఆ చివరి అడుగును తెలుగు విషయంలో వేయవలసినది తెలుగు చదవగలవారే.