పత్రాల లెక్క, పంటల లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నానో టెక్నాలజీ గురించి నాలుగు ముక్కలు చెప్పమని సంఘం వారు నన్ను అడిగారు. పావుగంటలో ముగించమనీ, వెనక భోజనాలు సిద్ధంగా ఉన్నాయనీ కూడా చెప్పారు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు ఎనభై వేల నానోమీటర్లు ఉంటుంది. అంత చిన్నదానితో ఏం పని అంటారా? బెల్లం అచ్చును అలాగే నీళ్లలో వేస్తే కరగడానికి చాలాసేపు పడుతుంది. దంచి వేస్తే వెంటనే కరుగుతుంది. బెల్లం అదే, నీళ్లకు తగిలే ఉపరితలం పెరిగింది. ఇంకా చిన్నది చేస్తూ పోతే ఒక దశలో పదార్థం గుణమే మారిపోతుంది. నానో పరిమాణంలో బంగారం పచ్చగా కాదు, ఎర్రగా కనిపిస్తుంది. సైజు మారితే రంగు మారే క్వాంటం డాట్స్ అనే రేణువులకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశం కూడా ఈ రంగంలో వెనకబడి లేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం అయిదేళ్లకు వెయ్యి కోట్లతో నానో మిషన్ ప్రారంభించింది. ఇప్పుడు నానో పరిశోధనా పత్రాల సంఖ్యలో చైనా, అమెరికాల తర్వాత మూడో స్థానంలో ఉన్నాం. సంతోషించాల్సిన సంగతే. అయితే ముప్పై ఏళ్లుగా ఈ పత్రాలు రాస్తూ, ఇతరులవి పరిశీలిస్తూ ఉన్నవాడిగా ఈ రోజు మీతో అనాలనుకున్నది వేరే ఉంది. పత్రాల సంఖ్య ఒక లెక్క. పత్రం విలువ ఇంకో లెక్క. ఈ రెండూ కలిసిపోయినచోట మన పిల్లలు నష్టపోతున్నారు.

ముందు పత్రం అంటే ఏమిటో చెప్తాను. ఒకరు ఒక కొత్త సంగతి కనిపెట్టారు. ఎలా చేశారో, ఏం కొలిచారో, ఇంకొకరు చేసి చూసుకోగలిగేలా రాసి పత్రికకు పంపుతారు. సంపాదకుడు దాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి తప్పులు వెతకమంటాడు. వాళ్లు ఒప్పుకుంటేనే అచ్చవుతుంది. లండన్‌లో 1665లో మొదలైన రాయల్ సొసైటీ పత్రిక నాటి నుంచి పద్ధతులు ఎన్ని మారినా, సారం ఇదే: నేను చెప్పాను కాబట్టి నమ్మండి అనడం కాదు, మీరూ చేసి చూడండి అనడం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. రాసినవారికి పత్రిక డబ్బివ్వదు. తప్పులు వెతికినవారికీ చాలావరకు ఇవ్వదు. అచ్చయినదాన్ని మాత్రం లైబ్రరీలకు పెద్ద ధరకు అమ్ముతుంది. దీనికి విరుగుడుగా, చదివేవారికి ఉచితంగా ఉండాలన్న ఉద్యమం 2002 నుంచి ఊపందుకుంది. మంచిదే. కానీ చాలా పత్రికలు చదివేవాడి దగ్గర వదిలేసిన డబ్బును రాసేవాడి దగ్గర వసూలు చేయడం మొదలుపెట్టాయి. నేచర్ పత్రిక ఈ పద్ధతిలో ఒక పత్రానికి 9,500 యూరోలు తీసుకుంటామని 2020లో ప్రకటించింది. అప్పటి లెక్కలో ఎనిమిది లక్షల రూపాయల పైమాటే.

చదివే బాధ తగ్గించడానికి మన కేంద్ర ప్రభుత్వం 'ఒకే దేశం, ఒకే చందా' పథకం తెచ్చింది. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థల నుంచి దాదాపు పదమూడు వేల పత్రికలు. ప్రభుత్వ విద్యాసంస్థల్లోనూ కేంద్ర పరిశోధనా సంస్థల్లోనూ ఉన్నవారు వీటిని చదువుకోవచ్చు. మన జిల్లాల్లో అడుగుకో ప్రైవేటు కాలేజీ ఉంది. వాటిలో చదివే పిల్లలు మొదటి విడతలో ఈ పథకంలోకి రాలేదు. ఈ సంగతి మన సంఘం గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు జబ్బు దగ్గరికి వస్తాను. పీహెచ్‌డీకి పత్రం కావాలి, ఉద్యోగానికి పత్రం కావాలి, ప్రమోషన్‌కు పత్రం కావాలి అని అందరినీ ఒకేసారి తోలితే ఏమవుతుంది? పత్రం అమ్మేవాడు పుట్టుకొస్తాడు. మన హైదరాబాదులోనే పుట్టిన ఓమిక్స్ సంస్థ సంగతి చాలామంది పేపర్లలో చదివే ఉంటారు. వందల కొద్దీ పత్రికలు నడిపింది, నానో వైద్యానికి సంబంధించినవి కూడా వాటిలో ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దానిపై కేసు వేసింది. నిపుణులు పరిశీలించారని చెప్పి సరిగా పరిశీలించకుండానే ప్రచురించడం, రుసుము సంగతి ముందు చెప్పకపోవడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకోవడం అభియోగాలు. సంస్థ వాటిని కాదంది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పిచ్చి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

ఇది మన తెలుగువాళ్లకే పట్టిన జబ్బు అనుకోకండి. కైరోలో పుట్టి, తర్వాత అమెరికా సంస్థ వైలీ చేతికి వచ్చిన హిందావి పత్రికల నుంచి 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పత్రాలను వెనక్కి తీసుకున్నారు. పెద్ద పేరున్న గొడుగు కింద కూడా దొంగ పత్రాలు చేరతాయని అప్పుడు లోకానికి తెలిసింది.

మన యూజీసీ కూడా తంటాలు పడింది. ఆమోదించిన పత్రికల జాబితా నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తీసేసింది. 2019లో కేర్ జాబితా అని కొత్తది పెట్టింది. 2025లో దాన్నీ ఆపేసి, మంచిచెడ్డలు విశ్వవిద్యాలయాలే చూసుకోవాలంది. పీహెచ్‌డీకి పత్రం తప్పనిసరి అన్న నిబంధనను అంతకుముందే, 2022లో తొలగించింది. నిబంధన పోయినా అలవాటు పోలేదు.

మన బడి నుంచి వెళ్లిన ఒక కుర్రాడు, పేరు చెప్పను, జింక్ ఆక్సైడ్ నానో రేణువుల మీద పరిశోధన చేస్తున్నాడు. ఏడాది తిరిగేలోపు రెండు పత్రాలు చూపించమని పై నుంచి ఒత్తిడి. నాలుగు రోజుల్లో అచ్చు వేస్తామని ఒక పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల నాన్న దాళ్వా ధాన్యం అమ్మిన డబ్బులోంచి కట్టారు. పత్రం అచ్చయింది. ఆర్నెల్లకు ఆ పత్రిక వెబ్‌సైటే లేదు. "మాస్టారూ, నా కొలతలు మాత్రం నిజమండి" అన్నాడు నాతో. నేను చూశాను, నిజమే. మంచి పనిని తీసుకెళ్లి చెత్తకుప్పలో పోయించారు. ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

దీనికి ఎదురుగా మన గోదావరి గడ్డ మీది మనిషినే ఒకరిని చూపిస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో కొంత చదివి, మద్రాసులో మూడో ప్రయత్నానికి మెట్రిక్ గట్టెక్కారు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలు ఈ మాట వినండి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పత్రం అచ్చువేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. ప్రపంచంలో ప్రయోగశాలలన్నీ దాన్ని చేసి చూసుకున్నాయి, తమది చేసుకున్నాయి. ఈ రోజు మీ పొలం మట్టిలో భాస్వరం కొలిచే పద్ధతి కూడా ఆ నీలిరంగు కుటుంబానిదే. ఆ కొలతే సాధనంగా 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వాళ్లిద్దరూ వెల్లడించారు. మొదటిదాన్ని అదే ఏడాది లండన్‌లో ఎగ్లెటన్ దంపతులు, రెండోదాన్ని అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు. ఒక్కో ఫలితం రెండేసి దేశాల్లో, విడివిడిగా. శాస్త్రం నిలబడేది ఇలా.

ఇంకో ఉదాహరణకు ఇంకా దగ్గరికి, మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి రండి. అక్కడ తయారైన ఎంటీయూ 7029, అదేనండి స్వర్ణ, 1982లో విడుదలైంది. మన సార్వాలోనే కాదు, ఒడిశా, బెంగాల్, బీహార్ పొలాల్లోనూ పాతుకుపోయింది. తర్వాత ముంపును తట్టుకునే జన్యువు గురించి 2006లో నేచర్‌లో పత్రం వచ్చింది. ఆ జన్యువు వచ్చింది కూడా ఒడిశా పాత వరి రకం నుంచే. దాన్ని స్వర్ణలోకి తెస్తే, రెండు వారాలు నీళ్లలో మునిగినా బతికే స్వర్ణ సబ్1 2009లో రైతు చేతికి వచ్చింది. పత్రం, పంట ఒకదానికొకటి సాక్ష్యం చెప్పిన సందర్భం అది.

ఇప్పుడు నానో దగ్గరికీ, మన చేను గట్టు మీదికీ ఒకేసారి వద్దాం. 2021లో ఇఫ్కో నానో యూరియా సీసా తెచ్చింది. అరలీటరు సీసా ఒక యూరియా బస్తాకు సాటి అన్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క చెయ్యగలరు. సీసాలో నత్రజని నాలుగు శాతం, అంటే ఇరవై గ్రాములు. నలభై అయిదు కిలోల బస్తాలో నత్రజని నలభై ఆరు శాతం, అంటే సుమారు ఇరవై కిలోలు. వెయ్యి రెట్లు తేడా. ఆకు మీద చల్లితే నేలలో పోయే వృథా ఉండదు కాబట్టి తక్కువ సరిపోతుందన్నది సంస్థ వాదన. పదకొండు వేల రైతుల పొలాల్లో, తొంభై నాలుగు పంటల మీద చూశామనీ, సగటున ఎనిమిది శాతం దిగుబడి పెరిగిందనీ చెప్పింది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు ఈ వాదనకు శాస్త్రీయ ఆధారం లేదని 2023లో ప్లాంట్ అండ్ సాయిల్ పత్రికలో రాశారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో చేసి చూసింది. సిఫారసు చేసిన నత్రజనిలో సగం తగ్గించి నానో యూరియా చల్లితే, పూర్తి మోతాదు వేసిన మడితో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయని తేల్చింది. సంస్థ తన వాదన వదల్లేదు. 2024లో నత్రజని బాగా పెంచిన నానో యూరియా ప్లస్‌కు కేంద్రం అనుమతి ఇచ్చింది.

నేను ఎవరి పక్షమూ పట్టడం లేదు. నానో అంటే మోసం అని చెప్పడానికి రాలేదు, అది నా అన్నం. నేను అడిగేది ఒక్కటే. ఎకరానికి ఎన్ని బస్తాల ధాన్యం పండుతుందన్నది మనకు కడుపు సంగతి. అలాంటి చోట ఎన్ని పత్రాలు వచ్చాయన్నది కాదు, ఎవరు పరిశీలించారు, ఇంకొకరు చేసి చూస్తే వచ్చిందా అన్నదే అడగాలి. దొంగ పత్రికల మధ్య నిజమైన పత్రం కనబడకుండా పోతే, చివరికి ఆ నష్టం మోసేది రైతే.

అందుకని సంఘానికి మూడు విన్నపాలు చేస్తున్నాను.

ఒకటి, ఉన్నత చదువుల్లో ఉన్న మన పిల్లలకు పత్రికను ఎంచుకోవడంలో సాయం చేద్దాం. పత్రికలో సంపాదకులుగా పేర్లున్నవారికి ఉత్తరం రాసి అడగడం, పాత సంచికల్లో నాలుగు పత్రాలు చదవడం, రుసుము ముందే చెప్తున్నారో లేదో చూడడం: ఈ మూడూ చేస్తే సగం దొంగలు దొరికిపోతారు. నాలుగు రోజుల్లో అచ్చు అంటే ఎవరూ చదవలేదని అర్థం. ఇరుపక్షాల దగ్గరా డబ్బు తీసుకోని మంచి పత్రికలు కూడా ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మన పూర్వ విద్యార్థులు ఇరవై మంది పేర్లిస్తే చాలు, పిల్లలు డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడుగుతారు.

రెండు, మన సంఘం ఇచ్చే సన్మానాల్లో 'ఇన్ని అంతర్జాతీయ పత్రాలు' అన్న మాట తీసేద్దాం. ఆ స్థానంలో ఏం కనిపెట్టారో రెండు వాక్యాల్లో తెలుగులో రాయమందాం. రాయలేకపోతే ఆ సన్మానం ఇంకో ఏడాది ఆగవచ్చు.

మూడు, వచ్చే దాళ్వాకు తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక ప్రయోగం చేయిద్దాం. మన పూర్వ విద్యార్థుల్లో రైతులు చాలామంది ఉన్నారు. ఎవరైనా ఆరు సెంట్లు ఇవ్వండి. పక్కపక్కనే ఆరు మడులు, మూడింటికి మామూలు యూరియా, మూడింటికి సగం యూరియాతో పాటు నానో. ఏ మడికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. నీళ్లు, నాట్లు, విత్తనం అన్నీ ఒకటే. కోశాక పిల్లలే తూకం వేయాలి. ఏం వచ్చినా, మనకు నచ్చినా నచ్చకపోయినా, కొలతలన్నిటితో బడి గోడపత్రికలో పెట్టాలి. సైన్స్ మాస్టారు, లెక్కల మాస్టారు, ఊళ్లో ఒక పెద్ద రైతు, ముగ్గురూ చదివి తప్పులు చెప్పాకే పెట్టాలి. ఒక్క పంటతో ఏమీ తేలదు, నిజమే. మళ్లీ సార్వాకు చేద్దాం, మళ్లీ దాళ్వాకు చేద్దాం. దానికయ్యే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. ఇప్పుడే అడిగి వచ్చాను, ఒప్పుకున్నారు.

ఆ గోడపత్రిక ఏ అంతర్జాతీయ జాబితాలోనూ ఉండదు. కానీ అందులో రాసింది అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే, సైకిలెక్కి వెళ్లి ఆ మడి చూసి రావచ్చు. శాస్త్రానికి కావలసింది ఆ మాత్రం ధైర్యమే.

చీటీల కోసం పేర్లిచ్చే పిల్లలు సైన్స్ మాస్టారిని కలవండి. పొలం ఇచ్చే పెద్దలు నన్ను కలవండి.