పట్టా ఉన్నా కౌంటర్ వెనుకే

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో బట్టల దుకాణాల్లో చీరలు చూపించేవారిలో బీకాం, బీటెక్ చదివినవారూ ఉంటారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పేదింటి పిల్లలకూ ఇంజనీరింగ్ అందింది. కాలేజీలు పెరిగినంతగా కొలువులు మాత్రం పెరగలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదిక ప్రకారం, 2022లో మన దేశ పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే. చదువు లేకపోతే పని సులువుగా దొరుకుతుందని కాదు, ఖాళీగా కూర్చునే స్తోమత వారికి లేదు. డిగ్రీ చదివిన పిల్లల్ని ఇంట్లోవాళ్లు గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఎలాగోలా పోషిస్తారు. ఆ ఓపిక తీరాక దుకాణమే దిక్కవుతుంది.

అమ్మకం చూసినంత తేలిక కాదు. ముప్పై చీరలు విప్పించి ఏమీ కొనకుండా లేచిపోయే బేరం ముందు మొహం చిట్లించకూడదు. ఆ తర్వాత ఒక్కొక్కటీ పాత మడతల మీదే మడవాలి. మడత తప్పితే కొత్త చీర కట్టి విడిచినదానిలా కనిపిస్తుంది. గిరాకీ లేని వేళ కూడా చాలాచోట్ల నిలబడే ఉండాలి. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు దీనిపై పోరాడారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ సిబ్బందికి కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి.

పట్టా పనికొచ్చేది బిల్లింగ్‌లో, స్టాకు లెక్కల్లో, సూపర్‌వైజర్ ఎంపికలో. అయితే అంతస్తులో అమ్మేవారు పదుల్లో ఉంటే, సూపర్‌వైజర్లు ఒకరో ఇద్దరో.