పొదుపు ఎవరి నుంచి? పంచాయతీ కరెంటు బిల్లూ మనమూ

(మహిళా సర్పంచులు, వార్డు సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి నన్ను పిలిచినప్పుడు గృహహింస గురించి మాట్లాడతారా, ఆస్తి హక్కు గురించి మాట్లాడతారా అని అడిగారు. పంచాయతీ కరెంటు బిల్లు గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో అవతలి వైపు కాసేపు చప్పుడు లేదు. అది ఇంజనీర్ల సంగతి కదా అన్నారు చివరికి. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. నా పిహెచ్‌డి పరిశోధనలో పంచాయతీ సమావేశాలకు వెళ్లి ఎవరు కుర్చీలో కూర్చున్నారు, ఎవరు నేల మీద కూర్చున్నారు, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు అని లెక్కలు రాసుకున్నాను. ఎవరి నెత్తిన ఫ్యాను తిరుగుతోందో మాత్రం ఎన్నడూ రాసుకోలేదు.

2022 వేసవిలో నల్గొండ జిల్లాలో ఒక ఊరికి వేరే పని మీద వెళ్లాను. ఆ రోజు పంచాయతీలో కరెంటు బకాయిల మీద చర్చ జరుగుతోంది. ఖర్చు తగ్గించాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది ప్రశ్న. దళితవాడ చివర ఉన్న స్తంభాల దీపాలు రాత్రి పది దాటాక ఆపేద్దామని ఒకాయన అన్నాడు. అంగన్‌వాడీలో ఫ్యాను అక్కర్లేదు, పసిపిల్లలకు ఫ్యాను గాలి పడదు అని ఇంకొకాయన. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గర బల్బు ఎందుకని మూడో ఆయన. ఇవన్నీ నాలుగు ఫ్యాన్ల కింద కూర్చుని మాట్లాడుకున్న మాటలు. ఆ నాలుగింటిలో రెండు ఖాళీ కుర్చీల మీద తిరుగుతున్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

సర్పంచ్ మహిళే. సమావేశం అయ్యాక బయట వేపచెట్టు కింద అడిగాను, ఇంతకీ బిల్లు ఎంత వచ్చిందమ్మా అని. "ఆ కాయితం మా ఆయన కాడ ఉంటది మేడం. చెక్కు మీద సంతకం మాత్రం నేనే జేస్త" అంది. ఆమె మాటలో సిగ్గూ లేదు, ఫిర్యాదూ లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

ఆ రోజు నుంచీ నన్ను వదలని ప్రశ్న ఒకటే. ఖర్చు తగ్గించాలంటే ముందుగా ఎవరి దీపం ఆరుతుంది?

పొదుపు అనే మాట మనకు కొత్త కాదు. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక, నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు చేయమన్నారు. చేశాం. తర్వాత డ్వాక్రా వచ్చింది. అప్పులు తీసుకున్నాం, తీర్చాం, పొరుగింటామె కట్టలేకపోతే మనమే కట్టాం. పొదుపు చేయడం ఆడవాళ్ల సహజ గుణం అన్నట్టుగా రాష్ట్రమంతా మాట్లాడింది. ఇప్పుడు పంచాయతీ భవనాల్లో పొదుపు అనగానే మళ్లీ మన వీధి, మన పిల్లల ఫ్యాను గుర్తుకొస్తున్నాయంటే ఆశ్చర్యం ఏముంది? ఇంట్లో కూర తక్కువైతే ఎవరి కంచంలో తగ్గుతుందో ఊళ్లో కరెంటు తక్కువైతే అక్కడే తగ్గుతోంది. నేను పొదుపుకు వ్యతిరేకిని కాను. కానీ దీపం ఆర్పడం వేరు, వృథా ఆపడం వేరు. మొదటిది చేయడానికి అధికారం ఉంటే చాలు. రెండోది చేయాలంటే బిల్లు చదవాలి.

చదివే హక్కు మనకుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మనకు సీట్లు ఇచ్చిందని అందరికీ తెలుసు. అదే సవరణతో చేరిన పదకొండో షెడ్యూల్లోని 29 అంశాల్లో గ్రామీణ విద్యుదీకరణ ఉంది, సంప్రదాయేతర ఇంధన వనరులూ ఉన్నాయి. సీటు గురించి మాట్లాడినంతగా ఆ జాబితా గురించి మనం మాట్లాడలేదు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. సంతకం ఇద్దరిదీ, బిల్లు చూసేది మూడోవాడు! బిల్లు కట్టకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ సర్పంచులకు 2021లో బాగా తెలిసొచ్చింది. పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దేశారని, తమకు చెప్పకుండానే ఖాతాలు ఖాళీ అయ్యాయని వాళ్లు రోడ్డెక్కారు. ఆ డబ్బుతో కాలువలు తవ్వుకుందామని, మంచినీటి పైపులు వేసుకుందామని తీర్మానాలు చేసుకున్న ఊళ్లు కొయ్యబారిపోయాయి. కాబట్టి బిల్లు చిన్న విషయం కాదు.

ఇక బిల్లులోకి వద్దాం. పంచాయతీకి ఒక్క బిల్లు రాదు. ఆఫీసుకొకటి, వీధి దీపాలకొకటి, మంచినీళ్ల మోటార్లకు కొన్ని, సామాజిక భవనానికొకటి, ఇలా ఎన్ని మీటర్లుంటే అన్ని. ముందు చేయాల్సిన పని చాలా మామూలుది. అన్ని సర్వీసు నంబర్లూ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ ఎక్కడుందో కాలినడకన వెళ్లి చూడాలి. నేను చెప్పిన ఆ సర్పంచ్, ఇద్దరు వార్డు సభ్యురాళ్లు, నేను ఒక మధ్యాహ్నం అలా తిరిగాం. ఒక సర్వీసు ఎప్పుడో ఎండిపోయిన బోరు మీద ఉంది. మోటారు కూడా తీసేశారు. మీటరు తిరగకపోయినా మంజూరైన లోడును బట్టి ప్రతి నెలా స్థిర చార్జీ పడుతూనే ఉంది. ఇంకొక చోట మీటరు పాడైపోయి, సగటు లెక్క మీద బిల్లు వస్తోంది. పైగా గడువు దాటినందుకు జరిమానా. వీటిలో ఏ ఒక్కటీ ఎవరికీ వెలుగిచ్చిన యూనిట్ కాదు. బోరు సర్వీసు రద్దు చేయమని దరఖాస్తు పెట్టారు. మీటరు మార్చమని ఇంకొకటి. ఆ రెండు దరఖాస్తులు రాయడానికి పట్టిన సమయం దళితవాడ దీపాల మీద జరిగిన చర్చలో సగం కూడా లేదు. బిల్లుల నకళ్లు మీ పంచాయతీలో ఇవ్వనంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. సొంత ఆఫీసు మీదే దరఖాస్తు పెట్టాల్సి రావడం విడ్డూరమే, కానీ పెట్టిన వార్డు సభ్యురాళ్లు నాకు తెలుసు.

తర్వాతది పరికరాల సంగతి. ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, భయపడకండి, బియ్యం లెక్కకంటే కష్టమైంది కాదు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. పాత సీలింగు ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల చుట్టుపక్కల. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్ల మీద నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు అది చూడండి. ఆఫీసులో ఒక ఫ్యాను రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే పాతది 180 యూనిట్లు, కొత్తది 72. అంటే 108 యూనిట్లు మిగిలాయి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 750 రూపాయల పైచిలుకు. అదే ఫ్యాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పుల గదిలో పగలూ రాత్రీ తిరుగుతోందనుకోండి. పాతది 657 యూనిట్లు, కొత్తది 263. మిగిలేది దాదాపు 2,750 రూపాయలు. ఫ్యాను ఖరీదు ఏడాదిలోనే చాలామటుకు తిరిగొస్తుంది, ఆఫీసులో అయితే నాలుగేళ్లు పడుతుంది.

మరి మీ దగ్గర పది కొత్త ఫ్యాన్లకు డబ్బుంటే ముందు ఎక్కడ పెడతారు? అధికారుల గదుల్లోనే ముందు పెట్టడం నేను చూశాను. లెక్క చూస్తే కాన్పుల గదిలో పెట్టాలి. ఎక్కువ గంటలు తిరిగే చోట పెట్టిందే ఎక్కువ మిగులుస్తుంది. న్యాయం ఒకవైపు, ఖర్చు ఒకవైపు లాగుతాయని మనకు ఎప్పుడూ చెబుతుంటారు. ఇక్కడ రెండూ ఒకే తలుపు చూపిస్తున్నాయి. ఈ లెక్కను మండల సమావేశంలో చెప్పండి. అక్కడ దయ చూపించమని అడగనవసరం లేదు.

అంగన్‌వాడీకి ఫ్యానుకంటే ముందు పైకప్పు చూడాలి. రేకుల కప్పు కింద మే నెలలో ఏ ఫ్యాను పెట్టినా వేడిగాలే కొడుతుంది. కప్పు మీద తెల్ల సున్నం పూస్తే గది లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని ఒకటి తెచ్చింది, దాని సారం ఇదే. మన అమ్మమ్మలకు తెలిసిన సున్నమే. ఇంకో మాట. స్విచ్చులు ఆపి వెళ్లండి అని సర్క్యులర్ వస్తుంది, అది గోడ మీద అంటిస్తారు, ఆపకపోతే తిట్లు తినేది ఆయా. ఆఫీసరు గదిలో ఎవరూ లేకుండా నడిచే ఏసీకి కూడా ఆమే జవాబుదారీ. శ్రమ విభజన గురించి మనం పుస్తకాల్లో రాసుకునేది ఆ స్విచ్చుబోర్డు దగ్గర కనిపిస్తుంది.

వీధి దీపాలు భవనాల కిందకు రావు అంటారేమో. బిల్లు కట్టే చెయ్యి ఒకటే కాబట్టి చెబుతున్నాను. పాత ట్యూబులైటు చోకుతో కలిపి 50 వాట్లు అనుకుందాం. రాత్రి 11 గంటలు వెలిగితే ఏడాదికి 200 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 80. బాగుంది. కానీ చాలా ఊళ్లలో వీధి దీపాలకు విడిగా మూడో తీగ లేదు, ఆపడానికి స్విచ్చు లేదు, పగలంతా వెలుగుతూనే ఉంటాయి. అప్పుడు ట్యూబులైటు 438 యూనిట్లు తాగుతుంది. ఎల్‌ఈడీ కూడా 175 తాగుతుంది, అంటే దాదాపుగా రాత్రి మాత్రమే వెలిగే పాత ట్యూబంత! బల్బులు మార్చామని ఫొటోలు దిగి, తీగ సంగతి మర్చిపోతే జరిగేది అది. వాడ చివరి దీపం ఆర్పమన్న ఆ పెద్దమనిషికి చెప్పాల్సిన జవాబు కూడా అదే. పగలు వెలిగే దీపాలు ఆపితే రాత్రి అన్ని దీపాలూ వెలుగుతాయి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక అక్కడ దాదాపు 90 వేల వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. మున్సిపాలిటీ ముందుగా డబ్బు పెట్టనక్కర్లేకుండా కంపెనీ పెట్టుబడి పెట్టి, మిగిలిన ఖర్చులోంచి వాయిదాలు తీసుకునే పద్ధతి అది. 2015 జనవరిలో దేశమంతటికీ అదే పథకంగా వచ్చింది. పద్ధతి మంచిదే. కానీ ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఒక్క వాక్యం కోసం వెతకండి. దీపం ఆరిపోతే ఎన్ని గంటల్లో మార్చాలి, మార్చకపోతే వాయిదాలో ఎంత కోత అన్నది. ఆరిపోయిన దీపం కరెంటు తినదు, కాబట్టి కాగితం మీద అది కూడా పొదుపుగానే కనిపిస్తుంది. బీడీలు అప్పజెప్పి చీకట్లో ఇంటికి నడిచే అమ్మాయికి అది పొదుపు కాదు.

చివరిగా సౌరశక్తి. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, వంద చదరపు అడుగుల కప్పు కావాలి. ఆఫీసులు, బళ్లు పగలే నడుస్తాయి కనుక బాగా సరిపోతుంది. అయితే ఆరోగ్య కేంద్రాల విషయంలో ఒక మోసం ఉంది, మోసం అనకూడదేమో, ఎవరూ చెప్పని సంగతి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సౌర పలకలు, లైనులో కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. లైన్‌మన్ భద్రత కోసం అలా తయారు చేస్తారు. బిల్లు తగ్గుతుంది, కానీ అర్ధరాత్రి కాన్పుకు టార్చిలైటే గతి. ఛత్తీస్‌గఢ్‌లో ఆరోగ్య కేంద్రాలకు బ్యాటరీలతో సహా పెట్టారు. సీఈఈడబ్ల్యూ సంస్థ 2017లో అక్కడ చేసిన అధ్యయనంలో, కరెంటు కోతలున్నా సౌరశక్తి లేని కేంద్రాలతో పోలిస్తే, ఉన్న కేంద్రాల్లో నెలకు జరిగే కాన్పులు దాదాపు రెట్టింపు అని తేలింది. బ్యాటరీకి ఖర్చవుతుంది, కొన్నేళ్లకు మార్చాలి కూడా. ఖర్చు తగ్గించడమే లెక్క అయితే బ్యాటరీని మొదట కొట్టేస్తారు. అంచనా కాగితం వచ్చినప్పుడు ఆ వరుస ఉందో లేదో చూసేవాళ్లు మనలో ఒకరుండాలి.

పంచాయతీకి ఇంత శక్తి ఎక్కడిది అనేవాళ్లకు తమిళనాడులో కోయంబత్తూరు దగ్గరి ఓడంతురై చెప్పండి. 2006లో ఆ పంచాయతీ కోటిన్నర రూపాయల పైన ఖర్చు పెట్టి 350 కిలోవాట్ల గాలిమర కొంది. బ్యాంకు అప్పు, సొంత నిల్వ కలిపి. తన అవసరాలకు పోను మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మింది. అధ్యక్షుడు షణ్ముగం పేరు దేశమంతా తెలిసింది. ఆయన తర్వాత ఆయన భార్య లింగమ్మాళ్ అధ్యక్షురాలయ్యారు. ఆవిడ గురించి రాసినవి వెతికితే నాకు దొరికింది చాలా తక్కువ.

ఆ నల్గొండ ఊరి సంగతి అడుగుతారని తెలుసు. వాడ దీపాలు ఆర్పలేదు. బోరు సర్వీసు తీసేయడానికి నాలుగు నెలలు పట్టింది. అంగన్‌వాడీలో ఫ్యాను ఇంకా పాతదే, మరుగుదొడ్డి బల్బు ఒకసారి మార్చారు, మళ్లీ పోయింది. బిల్లులు మాత్రం ఆ సర్పంచ్ తన పదవీకాలం అయ్యేవరకూ తన సంచిలోనే పెట్టుకుంది.

రేపు ఇక్కడి నుంచి వెళ్లాక మీ ఊరి పన్నెండు నెలల బిల్లులు, అన్ని సర్వీసులవీ, నకళ్లు తీయించి వచ్చే సమావేశానికి పట్టుకురండి. కలిసి కూర్చుని చదువుదాం. అంగన్‌వాడీ, బడి, సబ్‌సెంటర్ల బిల్లులు ఎవరు కడుతున్నారో కూడా కనుక్కోండి, అంగన్‌వాడీ టీచర్ తన జేబులోంచి కడుతుంటే అది విడిగా రాయండి. జిరాక్సు ఖర్చు శిబిరం వాళ్లు ఇస్తామన్నారు. రసీదు తెచ్చుకోవడం మర్చిపోకండి.