ముందు విందాం, తర్వాత అడుగుదాం



మొన్న మన విద్యార్థుల మీటింగులో నేను మాట్లాడిన మాటలివి. రాసి పెట్టమని కొందరు చెల్లెళ్లు, తమ్ముళ్లు అడిగారు.

ఇవాళ పోడు పట్టాల గురించి మాట్లాడను. హాస్టల్లో లైట్లు ఆర్పేశాక మీకు గుర్తొచ్చే ఒక విషయం గురించి మాట్లాడతా. మనకు జరిగిన అవమానాన్ని ధైర్యం చేసి ఒక ఫ్రెండ్‌కి చెప్తాం. వాడు విని, "నిజంగా అట్లనే జరిగిందా? నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నవేమో" అంటాడు. ఆ మాట గురించి.

నా సంగతి చెప్తా. డిగ్రీ మొదటి సంవత్సరం, టౌన్లో హాస్టల్. మా రూంలో ఒకబ్బాయి డబ్బులు పోయాయి. మేం ఎనిమిది మందిమి. వార్డెన్ లోపలికొచ్చి నేరుగా నా పెట్టె దగ్గరికి నడిచాడు. తాళం తీయించి బట్టలన్నీ కింద పోయించాడు. అమ్మ కట్టిచ్చిన ఎండు ఇప్పపువ్వు మూట కూడా విప్పించాడు. మిగతా ఏడు పెట్టెల మీద చెయ్యి కూడా వెయ్యలేదు. సాయంత్రానికి ఆ డబ్బులు ఆ అబ్బాయి పుస్తకంలోనే దొరికాయి. నాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

నాలుగు రోజులు మింగుకుని, నా దగ్గరి ఫ్రెండ్‌తో చెప్పాను. మంచివాడే. నా పరీక్ష ఫీజు ఒకసారి తనే కట్టాడు. "నీ మంచం తలుపు పక్కనే కదరా, అందుకే ముందు నీది చూసుంటాడు. ప్రతిదానికీ మేం ఆదివాసులం అంటే ఎట్లా?" అన్నాడు. పెట్టె విప్పించినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఈ మాటకి వచ్చింది.

చాలా రోజుల తర్వాత ఒకటి అర్థమైంది. ఆ రోజు వాడు కూడా ఆ రూంలోనే ఉన్నాడు. నా మాట నమ్మితే, తను చూస్తూ నిలబడ్డానని ఒప్పుకోవాలి. నన్ను అనుమానించడం దానికంటే తేలిక. చాలామంది ఫ్రెండ్స్ మన మీద కోపంతో అనుమానించరు, నమ్మితే తాము మారాల్సి వస్తుందని అనుమానిస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన బాధ కోయలో ఉంటుంది, చెప్పాల్సింది తెలుగులో. మాట వెతుక్కుంటూ మధ్యలో ఆగుతాం. వినేవాడు దాన్ని తడబాటు అనుకుంటాడు.

ఇది మీ ఒక్కరి కథ కాదు. విశాఖ మన్యంలోని వాకపల్లిని గుర్తు చేసుకోండి. 2007 ఆగస్టులో కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. చెప్పిన మాట మీదే ఏళ్ల తరబడి నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని కూడా అదే కోర్టు చెప్పింది. మొదటిరోజే వాళ్ల మాటను సీరియస్‌గా తీసుకుని ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2018లో 18ఏ సెక్షన్ చేర్చారు. కేసు నమోదు చేయడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అది చెప్తుంది. అంటే ముందు మాట రాసుకో, నిజానిజాలు తర్వాత తేల్చు అని. స్నేహానికి కూడా ఇలాంటి సెక్షన్ ఒకటి కావాలి.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే సంగతి. రెండేళ్ల కింద మన చెల్లెలు ఒకామె నా దగ్గరికొచ్చింది. మన మీటింగులకు వచ్చే ఒక పెద్దమనిషి తనతో తప్పుగా ప్రవర్తించాడని చెప్పింది. నేనేం అడిగానో తెలుసా? "ఎవరైనా చూశారా? ఆయన అట్లాంటోడు కాదే. బయటికొస్తే సంఘానికి చెడ్డపేరు కదమ్మా." నా ఫ్రెండ్ నాతో అన్న మాటనే, ఇంకా మర్యాదగా, ఆమెతో అన్నాను. నెల తర్వాత వెళ్లి తప్పయిందని చెప్పాను. "సరే అన్నా" అంది. కానీ జరిగింది మళ్లీ నాకు చెప్పలేదు, వేరే అక్కకు చెప్పుకుంది. ఆ అక్క పట్టుబట్టాకే ఆయన్ని మీటింగులకు పిలవడం మానేశాం. ఆ పని నేను మొదటిరోజే చేయించాల్సింది.

చెప్పేవాళ్లకు నా మాట. అందరికీ చెప్పాల్సిన పని లేదు. ముందు ఒక్కరికి, మధ్యలో అడ్డం రాని వాళ్లకి, మీ భాషలో చెప్పండి. తేదీ, టైం, ఎవరున్నారు, ఏమన్నారు, అన్నీ అదే రోజు రాసి పెట్టుకోండి. ఫ్రెండ్ అనుమానిస్తే, "నిన్ను తీర్పు అడగలేదు, విను చాలు" అనండి. అయినా వినకపోతే అక్కడే ఆపేయండి. వాణ్ణి ఒప్పించడానికి మీ గాయాన్ని పదేపదే విప్పి చూపించొద్దు. మనసు మరీ బరువైతే టెలి మానస్ 14416కి, అట్రాసిటీ అయితే 14566కి ఫోన్ చేయండి. రెండూ ఫ్రీ.

వినేవాళ్లకు కూడా ఒక మాట. మొదటి మాటగా "సాక్ష్యం ఉందా" అనొద్దు. "నీకేం కావాలి, నేనేం చెయ్యాలి" అని అడగండి. పక్కన ఉన్న మద్దతుదారులకూ ఇదే చెప్తున్నా.

బయటివాళ్లు మనల్ని నమ్మాలని కొట్లాడుతున్నాం, కొట్లాడాలి కూడా. కానీ ఈ రాత్రి మన పక్క మంచం మీద పడుకున్న తమ్ముడో చెల్లెలో ఏదో చెప్పడానికి నోరు తెరిస్తే, ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చోండి.

జై ఆదివాసీ.