పొదిగెడు పెట్ట విలువ

పెరటికోళ్లు గ్రుడ్లు తక్కువగా పెట్టునని శ్రోతలు కొందరు అందురు. నిజమే. మేలిరకపు లెగ్‌హారన్ పెట్ట ఏడాదికి 250కి పైగా పెట్టగా, మన అసీలు పెట్ట 100 పెట్టుటయే అరుదు. కాని లెగ్‌హారన్‌కు పొదిగెడు గుణము దాదాపు నశించినది. అసీలు పెట్టయో 21 దినములు మేతకు తప్ప లేవక గంపలో కూర్చుండును. పిల్లలకై గ్రద్దనైనను ఎదిరించును. గ్రుడ్ల ఆశతో పెట్టలన్నిటిని పరజాతి పుంజులతో జతకూర్చినచో, కొన్ని తరములకు ఆ తల్లితనమే కరవగును.

రైతు మేలైన గింజను విత్తనమునకు దాచి మిగిలినది అమ్మును. కోళ్ల విషయమున మనము మేలైనదానిని సంతకు పంపి, మిగిలినదానిని విత్తనమునకు ఉంచుచున్నాము. మేము కోరునది ఇంతే: కూరకు ఏ గ్రుడ్డయినను చాలును, పొదిగించుటకు మాత్రము మంచి తల్లి గ్రుడ్లనే ఏరుడు. పుంజును వేరొక ఇంటినుండి తెండు. అది పెట్టలకు తోబుట్టువు కారాదు.